నలభై ఒకటో నంబరు తాళంబిళ్ల

ఈ పని నేర్చుకోవడానికి ఒక పూట చాలు. నిజానికి పూట కూడా అక్కర్లేదు, టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు నేర్పేస్తాను. అలాంటి పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉండి ఏం నేర్చుకున్నారని మా షాపులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు నన్ను అడిగారు. వెటకారానికి అడగలేదు లెండి, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నోటితో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని కాగితం మీద పెడుతున్నాను. వాళ్లకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడమే కష్టం. ఏం ఫరవాలేదు, ఇంట్లో మీ అమ్మచేత చదివించుకోండి. కూతురు ఏం పని చేస్తోందో ఆవిడకీ తెలుస్తుంది.

నా పేరు మార్త. పోర్ట్ బ్లెయిర్‌లో నన్ను ఆ పేరుతో పిలిచేది చర్చిలో వాళ్లూ దగ్గరివాళ్లూ మాత్రమే. మిగతా ఊరికి నేను చాబీ దీదీని, అంటే తాళాల అక్కని. అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇంటర్‌కమ్ పెట్టె ఉంటుంది. దాని ముందు చిన్న ప్లాస్టిక్ బిళ్ల చూపిస్తే కీచుమని తలుపు తెరుచుకుంటుంది. ఆ బిళ్లల్ని పెట్టెకు పరిచయం చెయ్యడమే మొన్నటిదాకా నా ఉద్యోగం. కంపెనీ కాగితాల్లో వాటిని ఫోబ్ అంటారు, జనం చాబీ అంటారు, మా షాపులో మేం బిళ్ల అనేవాళ్లం. ఇక్కడా అలాగే రాస్తాను.

బిళ్లకు ఏం తెలుసు

బిళ్లలో బ్యాటరీ ఉండదు. లోపల సన్నటి రాగితీగ చుట్ట, ఆవగింజంత చిప్పు, ఆ చిప్పులో ఒక నంబరు. పెట్టె దగ్గరికి తెచ్చినప్పుడు అది తన నంబరు చెబుతుంది. ఆ నంబరు పెట్టెకు ముందే తెలిసి ఉంటే పచ్చలైటు వెలిగి తలుపు వదులుతుంది. తెలియకపోతే ఎర్రలైటు. పెట్టె మెమరీలో వరుసగా గడులు ఉంటాయి. మాస్టర్ కోడ్ కొట్టి, గడి నంబరు కొట్టి, బిళ్ల చూపిస్తే ఆ గడి ఆ బిళ్లది అయిపోతుంది. ఎవరైనా బిళ్ల పారేసుకుంటే ఆ గడిని తుడిచేస్తాం. పోయిన బిళ్ల ఎవడికి దొరికినా ఇక పనికిరాదు.

పని మొత్తం ఇంతే. కానీ పెట్టెకు నంబర్లు తెలుస్తాయి తప్ప మనుషులు తెలియరు. ఏ గడిలో ఎవరున్నారో గుర్తుంచుకోవాల్సింది మనం. నేను చేసిన తప్పులన్నీ ఇక్కడే చేశాను. మీరూ ఇక్కడే చేస్తారు.

నాయుడుగారు

మా ఓనరు నాయుడుగారిది శ్రీకాకుళం వైపు. కుర్రతనంలో ఓడ మీద పని చేసి, దాన్ని వదిలేసి అబర్డీన్ బజార్‌లో టెలిఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నారు. మా ఆయన ఓడరేవులో, హాడో వార్ఫులో పని చేసేవారు. ఆయన ద్వారానే నేను ఆ షాపులో చేరాను. ఫోన్ ఎత్తి ఎవరు మాట్లాడారో రాసుకోవడం అప్పట్లో నా పని. ఊళ్లో అపార్ట్‌మెంట్లు లేస్తున్న కొద్దీ ఇంటర్‌కమ్‌లు వచ్చాయి. ఒకరోజు నిచ్చెన ఎక్కే మనిషి రాలేదు. నాయుడుగారు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వెక్కగలవేటే?" అన్నారు. ఎక్కాను. మళ్లీ కుర్చీలో కూర్చోలేదు.

ఆయన మంచి ఓనరు అని చెప్పను. కోపం వస్తే స్క్రూడ్రైవర్ విసిరేవారు, తగలకుండా విసరడం మాత్రం వచ్చు. నా పని బాగుందని ఒక్కసారి కూడా అన్నది లేదు. కానీ ఈ వృత్తిలో పనికొచ్చే మాటలు నాకు చెప్పింది ఆయనే కాబట్టి ఆయన్ని తిట్టుకుంటూనే తలుచుకుంటాను.

మొదట్లో నేను నోటుపుస్తకంలో ఫ్లాటు నంబర్లు రాసి ఊరుకునేదాన్ని. గడి నంబరు ఎదురుగా ఫ్లాటు నంబరు, అంతే. హాడోలో ఒక పోర్టు ఉద్యోగి తన బిళ్లని జెట్టీ మీంచి నీళ్లలో పడేసుకున్నాడు. వాళ్లింటికి నాలుగు బిళ్లలు ఇచ్చి ఉన్నాను. అందులో ఆయనది ఏ గడిలో ఉందో నాకు తెలియదు. పోనీ అని నాలుగూ తుడిచేసి, ఆయనకొక్కరికే కొత్తది ఇచ్చి వచ్చేశాను. సాయంత్రం ఆయన భార్య, అత్తగారు, స్కూలు నుంచి వచ్చిన పిల్లలు అందరూ గేటు బయట వరసగా నిలబడ్డారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆ అత్తగారు నన్ను మూడు భాషల్లో తిట్టింది. మూడూ నాకొచ్చని పాపం ఆవిడకి తెలియదు.

నాయుడుగారు అంతా విని నోటుపుస్తకం నా ముందు పడేశారు.

"ఫ్లాటు నంబరు రాస్తే ఏటొస్తాదే? ఫ్లాటొచ్చి గేటు కాడ నిలబడతాదా? మనిషొస్తాడు. మనిషి పేరు రాయి."

ఆ రోజు నుంచి మనుషుల్ని రాయడం మొదలుపెట్టాను. పేరుతో ఆగలేదు. "పన్నెండు, సారు, షిప్పు డ్యూటీ, వెళితే ఇరవై రోజులు రాడు." "పదిహేడు, వంటమ్మాయి, ఆదివారం రాదు." "ఇరవై, పెద్దాయన, చేతులు వణుకుతాయి, బిళ్ల దారానికి కట్టి మెళ్లో వేశాను." ఇలా రాసుకునేదాన్ని. తెలుగులో రాసేదాన్ని కాబట్టి ఆ పుస్తకం పోయినా దొంగకి పనికిరాదని నాయుడుగారు సంబరపడేవారు. తెలుగువాళ్లలో దొంగలు ఉండరన్నట్టు!

కొబ్బరిబొండం, చేపల దీదీ

పెట్టెలు తయారుచేసే కంపెనీ వాళ్లు చెన్నై నుంచి పంపే పుస్తకంలో ఉప్పుగాలి సంగతి ఉండదు. మన దగ్గర రెండు వానాకాలాలు గడిస్తే పెట్టె లోపల స్క్రూలు పచ్చటి బూజు పట్టినట్టు అవుతాయి. మూత చుట్టూ గ్రీజు రాయండి. కరెంటు పోతే అయస్కాంతం తాళం వదిలేస్తుంది, బ్యాటరీ ఉంటే కాసేపు పట్టుకుంటుంది. ఆ బ్యాటరీని ఆర్నెల్లకోసారి చేత్తో తడిమి చూడండి. ఉబ్బిందంటే దాని పని అయిపోయినట్టే. ఇవన్నీ చిన్న విషయాలు, ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది. మిన్నీ బేలో నాలుగంతస్తుల బిల్డింగు ఒకటి నా చేతి మీదుగానే మొదలైంది. పెట్టె పెట్టిన వారానికే ఆ గేటుకి ఎవరో కొబ్బరిబొండం అడ్డం పెట్టడం మొదలుపెట్టారు. నేను తీసేసేదాన్ని, మర్నాటికి ఇంకో బొండం. సెక్రటరీగారు, రిటైరైన పెద్ద ఆఫీసరు, సెక్యూరిటీ గంగలో కలిసిందని నా మీద చిందులు తొక్కారు. ఒక పొద్దున్న కాపు కాసి చూస్తే సంగతి తెలిసింది. గంప నెత్తిన పెట్టుకుని చేపల దీదీ వస్తుంది. ఇంట్లో రిసీవర్‌తో మాట్లాడ్డమే తప్ప పైనుంచి గేటు తియ్యడానికి ఉండదు కాబట్టి, ఒక్కొక్క ఇంటి వాళ్లూ కిందికి దిగి ఆమెకు గేటు తియ్యలేక, పొద్దున్నే లేచిన వాళ్లెవరో బొండం పెట్టి పోతున్నారు.

నేను చేపల దీదీకి ఒక బిళ్ల ఇచ్చేశాను. బొండం మాయమైంది. లిస్టు చూసిన సెక్రటరీగారు, "మార్తాజీ, మచ్ఛీవాలీకి చాబీ ఎవరిచ్చారు?" అని హిందీలో నిలదీశారు.

"నేనే ఇచ్చాను సార్. రాత్రీ పగలూ తెరిచి ఉండే గేటు మంచిదా, పొద్దున్న ఒక్కసారి తెరుచుకునేది మంచిదా, మీరే చెప్పండి. పోనీ రోజూ మీరే దిగి తీస్తానంటే ఇప్పుడే తీసేస్తాను."

ఆయన గొంతు తగ్గించి, "సుర్మయీ మంచిది తెస్తుందా?" అని అడిగారు. వంజరం చేప ఆయనకి ఇష్టమని నాకు ముందే తెలుసు. అప్పటి నుంచి ఆవిడ బిళ్ల జోలికి ఎవరూ రాలేదు. గేటుని జనం బొండంతోనో రాయితోనో తెరిచి పెడుతున్నారంటే, అక్కడ ఎవరికో బిళ్ల ఇవ్వాల్సి ఉండి మనం ఇవ్వలేదని అర్థం. వాళ్లని తిట్టే ముందు ఆ మనిషి ఎవరో వెతకండి.

ఇంత తెలివిగా మాట్లాడుతున్నానని మురిసిపోకండి. అదే బిల్డింగులో, బిళ్ల ఇవ్వాల్సిన ఇంకో మనిషిని నేను ఏళ్ల తరబడి చూడలేదు.

నలభై అయిదు రోజులు

రెండో అంతస్తులో సునీత టీచరూ, వాళ్లమ్మ దానమ్మగారూ ఉండేవారు. వాళ్లది మా చర్చే. దానమ్మగారిని నేను పెద్దమ్మా అని పిలుస్తాను. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేసి ఇంట్లోనే ఉంటారు. గొంతు మాత్రం ఇప్పటికీ ఖంగుమంటుంది. వాళ్లింటికి బిళ్లలు ఇచ్చిన రోజు నేను సునీత టీచర్ని అడిగాను, ఎంతమంది వస్తూ పోతూ ఉంటారని. ఇద్దరే అక్కా, నేనూ, అమ్మని చూసుకునే మనిషీ అంది. రెండు బిళ్లలు చేసి ఇచ్చాను. సునీత టీచరుది నలభై ఒకటో గడి.

తరవాత ఆమెకు డిగ్లీపూర్ స్కూలుకి బదిలీ అయింది. పక్క ఊరు కాదది. చీకటితో బయల్దేరి, అడవి దారిలో బళ్లన్నిటినీ కలిపి పంపే కాన్వాయ్ కోసం ఆగి, బల్లకట్టు దాటి, నడుం విరిగేలా కూర్చుంటే మధ్యాహ్నం ఎప్పటికో చేరే దూరం. సెలవులకి తప్ప రాలేదు. చూసుకునే మనిషి పొద్దున్న వచ్చి రెండింటికి వెళ్లిపోయేది, చీకటి పడే వేళకి పక్కింటి వాళ్లు ఆఫీసు నుంచి వచ్చి తొంగి చూసేవారు. బదిలీ సంగతి తెలిసిన ఆదివారమే నేను పుస్తకంలో రాసుకున్నాను. "నలభై ఒకటి, సునీత టీచర్, డిగ్లీపూర్, రెండు నెలలకోసారి వస్తుంది."

ఆ రోజుల్లోనే కొత్తరకం పెట్టెలు వచ్చాయి. లాప్‌టాప్ తగిలిస్తే ఏ బిళ్ల ఎప్పుడు వాడారో తెర మీద కనిపిస్తుంది. దాంతోపాటు కంపెనీ వాళ్లు ఒక నియమం కూడా పంపారు. నలభై అయిదు రోజులు వాడని బిళ్ల పోయినట్టే లెక్క, తుడిచెయ్యాలి. చెన్నైలో అది మంచి నియమమే కావచ్చు. అక్కడ నెలన్నర ఇంటికి రాని మనిషి ఇల్లు మారినట్టే. ఇక్కడ మన బతుకులు అలా ఉన్నాయా? మెయిన్‌లాండ్‌కి పెళ్లికని వెళ్లిన వాళ్లు షిప్పు టికెట్టు దొరక్క రెండు నెలలు అక్కడే ఉండిపోతారు. ఆపరేషన్‌కని వెళ్తే మూడు నెలలు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, షిప్పులో మనుషుల్ని ఎక్కించి దించి వయసైపోయినదాన్ని, నాకు తెలియాలి. అయినా ఒకరోజు మిన్నీ బే పెట్టెకి లాప్‌టాప్ తగిలించి, తెర మీద ఎర్రగా మెరుస్తున్న ఏడు గడులు చూశాను, టిక్కు పెట్టాను, తుడిచేశాను. రెండు నిమిషాలు పట్టలేదు. భలే సుఖంగా ఉందే అనుకున్నాను కూడా.

పుస్తకం నా సంచీలోనే ఉంది. తియ్యలేదు.

ఆ మధ్యాహ్నం

ఆ తరవాత నాలుగు రోజులకి హాడోలో ఒక పెట్టె విప్పి కూర్చున్నాను. వాన ధారగా కురుస్తోంది. నాలుగు కావస్తుండగా ఫోన్ మోగింది. మా నంబరు ప్రతి పెట్టె కిందా అంటించి ఉంటుంది.

"మార్తక్కా, నేను సునీతని. గేటు తెరుచుకోవట్లేదు. ఎర్రలైటు వస్తోంది. అమ్మ పడిపోయిందక్కా, పెట్టెలో వినిపిస్తోంది, ఏడుస్తోంది. జల్దీ రండక్కా!"

జరిగింది తరవాత తెలిసింది. బస్సు దిగి తడుస్తూ వచ్చిన సునీత టీచర్ బిళ్ల చూపించింది. ఎర్రలైటు. మళ్లీ చూపించింది. మళ్లీ అదే. వేరే దారి లేక ఇంటి బెల్లు నొక్కింది. లోపల దానమ్మగారికి ఆ బెల్లుతో ఎప్పుడూ పని లేదు, కూతురు తన బిళ్లతో తనే వస్తుంది. మోగుతూనే ఉండేసరికి ఏమైందోనని గాభరాగా లేచారు. గేటు పెట్టెతో మాట్లాడే రిసీవర్ తలుపు పక్కన గోడకి ఉంది. నేనే పెట్టాను, నిలబడ్డ మనిషి చెవి ఎత్తులో, కంపెనీ బొమ్మలో ఉన్నట్టే. గోడ పట్టుకుని చెయ్యి చాచి రిసీవర్ అందుకున్నారు, కాలు నిలవలేదు. రిసీవర్ వైరు మీద వేలాడుతూ ఉండిపోయింది. తల్లి మూలుగు గేటు దగ్గర పెట్టెలోంచి కూతురికి వినిపిస్తూ ఉంది. ఆఫీసుల వేళ, వాన హోరు, కింద అంతా పార్కింగే. మిగతా ఇళ్ల బెల్లులు నొక్కినా, అరిచినా ఎవరూ పలకలేదు. సెక్రటరీగారు మెయిన్‌లాండ్ వెళ్లి ఉన్నారు.

స్కూటర్ మీద హాడో నుంచి మిన్నీ బే ఎంత దూరం? ఆ రోజు నాకు డిగ్లీపూర్ అంత దూరం అనిపించింది. దారిలోనే నలభై ఒకటో గడి గుర్తొచ్చింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నా చేత్తో పెట్టిన టిక్కు నా కళ్ల ముందే ఉంది. నేను వెళ్లేసరికి సునీత టీచర్ పెట్టెకి నోరు ఆనించి, "అమ్మా, కదలకే, వచ్చేస్తున్నా, ఇదిగో వచ్చేస్తున్నా" అంటూ ఉంది. అప్పటికి ఎంతసేపటి నుంచి అదే మాట అంటోందో. గేటు బయటే ఉన్న మీటర్ల గది తాళం నా దగ్గర ఉంటుంది. అయస్కాంతానికి కరెంటు తీసేశాను, గేటు తెరుచుకుంది. ఇద్దరం మెట్లెక్కాం, ఇంటి తాళం సునీత టీచర్ తీసింది.

దానమ్మగారు తలుపు పక్కన గోడకి ఆనుకుని కూలబడి ఉన్నారు. కుడి మణికట్టు వంకరపోయింది. నన్ను చూసి, "వచ్చేవా మార్తా, ఆ గంట ఆపవే ముందు" అన్నారు. గంట ఎప్పుడో ఆగిపోయింది, ఆవిడ చెవుల్లోనే మోగుతోంది.

తప్పు చెప్పుకోవడం

మణికట్టు విరిగింది, తుంటి విరగలేదు, అదే పదివేలు అన్నారు డాక్టర్లు. ఆస్పత్రి వరండాలో సునీత టీచర్‌తో చెప్పేశాను. బిళ్ల పాడవలేదు టీచర్, నేనే తుడిచేశాను, నువ్వు డిగ్లీపూర్లో ఉన్నావని నా పుస్తకంలో రాసి ఉంది, తీసి చూడలేదు అని. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. "నేను ఆ ఇంటి మనిషిని అక్కా. రోజూ వచ్చే చేపల దీదీకి తెరుచుకుంటుంది, నాకు తెరుచుకోదా?" అంది.

షాపుకి వెళ్లి నాయుడుగారికీ చెప్పాను. స్క్రూడ్రైవర్ కోసం చూశాను. ఆయన దాని జోలికి పోలేదు.

"పుస్తకం తీసేవా?"

"లేదండీ. కంపెనీ రూలు కదా అని..."

"కంపెనీ ఈ దీవిలో ఉన్నాదేటే? నువ్వున్నావు. అందుకే కదేటి నీకు జీతం" అన్నారు. ఆ సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసి, ఆ నియమం మా షాపులో చెల్లదని అరిచి పెట్టేశారు. నన్ను వెనకేసుకొచ్చిన సందర్భం అదొక్కటే గుర్తుంది నాకు.

మీరు ఈ పనిలో ఉన్నంతకాలం తప్పులు చేస్తారు. పెట్టె పాడైందనీ, ఉప్పుగాలి తినేసిందనీ చెప్పి తప్పించుకోవడం ఈ ఊళ్లో చాలా తేలిక, ఎవరూ అనుమానించరు. ఆ పని చెయ్యకండి. సునీత టీచర్‌కి అబద్ధం చెప్పి ఉంటే ఈ కథ మిగతా సగం నాకు దక్కేది కాదు.

అప్పటి నుంచి గడి తుడిచే ముందు మెట్లెక్కి తలుపు కొట్టడం నా పద్ధతి. తలుపు తీసేవాళ్లు లేకపోతే పక్క తలుపు కొడతాను. ఎవరింటి మనిషి ఎక్కడున్నాడో, ఏ షిప్పులో వస్తాడో ఇక్కడ పక్కింటి వాళ్లకి తెలియకుండా ఉండదు. ఆ రోజు తుడిచిన ఏడు గడుల్లో నిజంగా పోయిన బిళ్ల ఒక్కటే. మిగతా ఆరుగురూ ఎక్కడో ఒకచోట ఇంటి దారి పట్టబోతున్న వాళ్లే. వాళ్లందరివీ తిరిగి ఎక్కించాను. సునీత టీచర్‌కి మాత్రం వేరే గడి ఇచ్చాను. నలభై ఒకటిని ఖాళీగా వదిలేశాను, చూసినప్పుడల్లా బుద్ధి రావాలని.

నన్నడిగేవా?

చెయ్యి అతుక్కుంది కానీ దానమ్మగారు మంచం దిగడం మానేశారు. భయం పట్టుకుంది. సునీత టీచర్ సెలవు పొడిగించుకుంది, ఇక ఉద్యోగం మానేస్తానంది. ఇంకా ఎన్నో ఏళ్ల సర్వీసున్న మనిషి, ఆ డిగ్లీపూర్ పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. నా టిక్కు ఎంతదాకా పాకిందో చూశారా?

నేను ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింటికి వెళ్లేదాన్ని. మొదట రిసీవర్‌ని మంచం పక్కకి మార్చాను, కూర్చున్న మనిషి చేతికి అందేలా. తరవాత చెయ్యడానికి ఏం లేక కూర్చునేదాన్ని. ఒక ఆదివారం మాటల్లో, "మీకేం కావాలన్నా చెప్పండి పెద్దమ్మా, చేసిపెడతాను" అన్నాను.

"నాకొక బిళ్ల సేసియ్యి" అన్నారు.

సునీత టీచర్ నవ్వింది. "నీకెందుకమ్మా? ఎక్కడికెళ్తావు?"

దానమ్మగారు ఆమె వైపు చూడలేదు. నన్నే చూస్తూ అన్నారు.

"ఆ ఏల నువ్వు ఈ గదిలోనే నిలబడి, ఎంతమంది వస్తారూ పోతారూ అని దీన్నడిగేవు. ఇద్దరే అంది. నాను ఆ కుర్సీలోనే కూకున్నాను. నన్నడిగేవా? మీ ఇద్దరూ కలిసి నాను ఇక బయటికెల్లనని రాసీసేరు. నానూ పోన్లే అని కూకుండిపోయేను."

గేటు బయట బొండం పెట్టిన మనిషి కోసం కాపు కాశాను కానీ, గది లోపల కుర్చీలో ఉన్న మనిషిని మనిషిగా లెక్కలోకి తీసుకోలేదు. మనం లెక్కించలేదు కాబట్టి ఆవిడ కూడా తనని తాను లెక్కించుకోవడం మానేశారు. ఆ మాటకి సునీత టీచర్ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

మర్నాడే బిళ్ల తెచ్చాను. చేతిలో పెట్టబోతే దానమ్మగారు తీసుకోలేదు. "పెట్టెకి నాను సూపిస్తాను, నువ్వు కాదు. అందాకా నీ కాడే ఉంచు" అన్నారు. పెట్టె కింద ఉంది. రెండంతస్తుల మెట్లు దిగాలి. ఇక చూడండి ఆవిడ పంతం. మొదటి వారం తలుపు దాకా. నెల తిరిగేసరికి నాలుగు మెట్లు, రెండు పక్కలా మేం ఇద్దరం. సునీత టీచర్ మళ్లీ డిగ్లీపూర్ వెళ్లింది, వెళ్లమని తల్లే తరిమింది. అప్పుడు ఆ జాగాలోకి చూసుకునే మనిషి వచ్చింది. కొన్నాళ్లకి పొద్దున్నపూట చేపల దీదీ కూడా గంప కింద పెట్టి, "చలో అమ్మా, ఏక్ ఔర్" అంటూ ఇంకో మెట్టుకి చెయ్యి అందించేది. మెట్ల మలుపులో సెక్రటరీగారు ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. అడిగితే, తన కోసమే వేయించుకున్నానన్నారు.

నా రిటైర్‌మెంట్‌కి వారం ముందు దానమ్మగారు గేటు దాకా దిగారు. నేను మాస్టర్ కోడ్ కొట్టాను. ఏ గడి ఇవ్వాలో ఆలోచించక్కర్లేదు. నలభై ఒకటి కొట్టి పక్కకి జరిగాను. ఆవిడ వంకర మణికట్టుతోనే బిళ్ల పెట్టెకి ఆనించారు. కీచుమంది. పచ్చలైటు. "ఇంకోపాలి" అన్నారు. ఇంకోసారి. "ఇంకోపాలి." అలా ఎన్నిసార్లు తీశారో లెక్కపెట్టలేదు. పుస్తకంలో రాశాను. "నలభై ఒకటి, దానమ్మగారు. బయటికి వెళ్తారు."

ఆఖరి రోజు నా సంచీ, పుస్తకాలు షాపులో అప్పగించేసి, మధ్యాహ్నం మిన్నీ బే వెళ్లాను. సునీత టీచర్ సెలవులకి వస్తోందని తెలుసు. నేను వెళ్లేసరికి గేటు బయట, గోడ నీడన, మలుపులో ఉండాల్సిన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దానమ్మగారు కూర్చుని ఉన్నారు. చూసుకునే మనిషిని రెండింటికే పంపేశారట. ఇద్దరం సముద్రం వైపు చూస్తూ కబుర్లాడుకున్నాం. మూడున్నర దాటాక ఆటో వచ్చి ఆగింది. సునీత టీచర్ బ్యాగు దింపి, తల్లిని వీధిలో చూసి గబగబా దగ్గరికి వచ్చింది. తరవాత అలవాటు కొద్దీ హ్యాండ్‌బ్యాగులో బిళ్ల కోసం వెతకడం మొదలుపెట్టింది.

"నీది తియ్యకే" అన్నారు దానమ్మగారు, కుర్చీ చేతులు పట్టుకుని లేస్తూ. "నాను తీస్తాను."